వయసు పైబడ్డాక ఒంట్లో ఐరన్ పేరుకుపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంట్లో ఐరన్ ఎక్కువైందని అరవై, డెబ్బై ఏళ్లు దాటాక తెలుసుకున్నవాళ్లూ, వాళ్లను చూసుకునే పిల్లలూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఈ వయసులో ఐరన్ పేరుకోవడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, మూలుగ సరిగా పనిచేయక పదేపదే రక్తం ఎక్కించుకోవాల్సి రావడం. రెండోది హీమోక్రోమాటోసిస్ అనే వంశపారంపర్య జబ్బు. అందులో పేగులు అవసరానికి మించి ఐరన్‌ను పీల్చుకుంటాయి. ప్రశ్నల్ని చికిత్స దశల ప్రకారం పెట్టాం, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు. మందు మొదలుపెట్టడం, మోతాదు మార్చడం మాత్రం మిమ్మల్ని చూస్తున్న డాక్టరుతో మాట్లాడాకే.

## తెలిసిన కొత్తలో

రక్తం తక్కువ అంటారు, ఐరన్ ఎక్కువ అంటారు. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయి?

ఐరన్ రక్తం తయారీకి కావలసిన సరుకు. సరుకు గోదాము నిండా ఉన్నా, తయారుచేసే మూలుగ మొరాయిస్తే రక్తం తక్కువగానే ఉంటుంది. మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ (ఎండీఎస్), థలసీమియా వంటి జబ్బుల్లో జరిగేది ఇదే. పైగా ఎక్కించిన ప్రతి యూనిట్ రక్తంతో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ లోపలికి వస్తుంది. శరీరం రోజుకు పోగొట్టుకునేది దాదాపు 1 మిల్లీగ్రామే. ఎక్కువైంది కదా అని ఎక్కువ బయటికి పంపే ఏర్పాటు మన ఒంటికి లేదు. మామూలు మనిషి ఒంట్లో మొత్తం ఐరన్ 3, 4 గ్రాములు. 20 యూనిట్లు ఎక్కించుకునేసరికి అంతకు తక్కువ కాకుండా కొత్తగా చేరుతుంది.

అందుకే ‘రక్తం తక్కువ’ అనే మాట వినగానే ఐరన్ మాత్రలు, బలం టానిక్కులు తెచ్చి పెట్టకండి. ప్రేమతో చేసే పనే అయినా ఇక్కడ హాని చేస్తుంది. ఇంట్లో ఉన్న మల్టీవిటమిన్ సీసా మీద కూడా ఐరన్ ఉందేమో చూడండి.

ఫెరిటిన్ 1200 వచ్చింది. చాలా ప్రమాదమా?

ఫెరిటిన్ అంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో సూచించే రక్తపరీక్ష. ఆ ఒక్క అంకె చూసి చెప్పలేం. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా, కీళ్లవాపు ఉన్నా, లివర్‌లో కొవ్వు పేరుకున్నా, మద్యం అలవాటున్నా ఫెరిటిన్ పెరుగుతుంది. పెద్దవాళ్లలో వీటిలో ఏదో ఒకటి ఉండటం మామూలే. జ్వరంలో చేసిన పరీక్ష అయితే, జ్వరం తగ్గిన కొన్ని వారాలకు మళ్లీ చేయించాలి. దాంతో పాటు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండి ఉందన్నది) కూడా చూస్తారు. అది 45 శాతం దాటి ఉంటే నిజంగానే ఐరన్ ఎక్కువైందన్న అనుమానం బలపడుతుంది.

రక్తం ఎక్కించుకుంటున్నవాళ్లలో ఫెరిటిన్ 1000 దాటి అలాగే నిలబడితే, ఐరన్ తగ్గించే మందు గురించి డాక్టర్లు ఆలోచించడం మొదలుపెడతారు. హీమోక్రోమాటోసిస్ ఉన్నవాళ్లలో 1000 దాటితే లివర్ గట్టిపడిందేమో తప్పకుండా చూస్తారు. మూడు నాలుగు రిపోర్టులు వరుసగా పెట్టి అంకె ఎటు పోతోందో చూస్తే, ఒక్క రిపోర్టు కన్నా చాలా ఎక్కువ తెలుస్తుంది.

రక్తపరీక్ష చేశారుగా, మళ్లీ ఎంఆర్ఐ ఎందుకు?

ఫెరిటిన్ చూసి గుండెలో ఎంత ఐరన్ ఉందో చెప్పలేరు. ఫెరిటిన్ ఒకేలా ఉన్న ఇద్దరిలో ఒకరి గుండె బాగానే ఉండవచ్చు, ఇంకొకరి గుండెలో ఐరన్ పేరుకుని ఉండవచ్చు. టీ2 స్టార్ అనే ఎంఆర్ఐ కొలతతో, సూది గుచ్చకుండానే అది తెలుస్తుంది. గుండెలో ఆ కొలత 20 మిల్లీసెకన్ల కన్నా తగ్గితే ఐరన్ చేరుతోందని, 10 కన్నా తగ్గితే గుండె బలహీనపడే ప్రమాదం ఎక్కువని అర్థం. లివర్‌లోని ఐరన్‌ను కూడా ఎంఆర్ఐతోనే కొలవవచ్చు. పేస్‌మేకర్ ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి.

హీమోక్రోమాటోసిస్ పుట్టుకతో వచ్చేదైతే అరవై ఏళ్లదాకా ఎందుకు బయటపడలేదు?

రోజూ కొంచెం కొంచెంగా చేరే ఐరన్ అవయవాలను ఇబ్బంది పెట్టే స్థాయికి రావడానికి దశాబ్దాలు పడుతుంది. ఆడవాళ్లకు నెలసరి వల్ల కొంత ఐరన్ పోతూ ఉంటుంది కాబట్టి, చాలామందిలో అది ఆగాకే బయటపడుతుంది. లక్షణాలు కూడా వయసు వల్ల వచ్చినవే అనిపిస్తాయి: నీరసం, కీళ్లనొప్పులు, షుగర్, చర్మం రంగు మారడం. చూపుడు వేలు, మధ్యవేలు మొదట్లో ఉండే కణుపులు నొప్పిగా, బిగుసుకుపోయి ఉంటే మాత్రం ఈ జబ్బును గుర్తుచేసుకోవాలి.

ఈ జబ్బుకు ముఖ్య కారణమైన హెచ్ఎఫ్ఈ జన్యువును 1996లో కనుక్కున్నారు. ఇది ఉత్తర ఐరోపా మూలాలున్నవాళ్లలో ఎక్కువ. తల్లిదండ్రులిద్దరి దగ్గరా లోపమున్న ఆ జన్యువు ప్రతి ఒక్కొక్కటి ఉంటే, పిల్లల్లో ఒక్కొక్కరికీ ఆ లోపం ఇద్దరి నుంచీ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. కాబట్టి మీకు తేలితే మీ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ, పెద్దవాళ్లైన పిల్లలకూ చెప్పండి. వాళ్లకు ఇంకా ఏ ఇబ్బందీ లేనప్పుడే పట్టుకోగలగడం పెద్ద మేలు.

## చికిత్స ఎంచుకునేటప్పుడు

ఐరన్ ఎక్కువైతే రక్తం తీసేస్తే పోతుంది కదా, మందులెందుకు?

హీమోక్రోమాటోసిస్‌లో అదే మంచి చికిత్స. ఒకసారి 450 నుంచి 500 మిల్లీలీటర్లు తీస్తే 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ పోతుంది. అప్పటికే రక్తం తక్కువై ఎక్కించుకుంటున్న మనిషి దగ్గర తీయడానికి వీల్లేదు. వాళ్లకు ఐరన్‌ను పట్టుకుని మూత్రంలోనో మలంలోనో బయటికి పంపే మందులే దారి.

అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఈ వయసులో ఐరన్ తగ్గించే మందు అవసరమా?

కేవలం వయసు చూసి ‘అవసరం లేదు’ అనడం సరికాదు, ఫెరిటిన్ చూసి ‘వెంటనే మొదలుపెట్టాల్సిందే’ అనడమూ సరికాదు. ఐరన్ నెమ్మదిగా హాని చేస్తుంది. మందు ఇబ్బందులు వారాల్లోనే కనబడతాయి. అందుకే అసలు జబ్బు ఎంత ముదిరింది, ఇంకా ఎన్నేళ్లు రక్తం ఎక్కించాల్సి రావచ్చు, గుండె, లివర్, కిడ్నీలు ఇప్పుడు ఎలా ఉన్నాయి అన్నవి ముందుగా చూడాలి.

తక్కువ, మధ్యస్థ ప్రమాద స్థాయి ఎండీఎస్ ఉన్న 225 మంది మీద టెలెస్టో అనే అధ్యయనం జరిగింది. ఫలితాలు 2020లో వచ్చాయి. డెఫెరాసిరాక్స్ అనే ఐరన్ తగ్గించే మాత్ర వాడినవాళ్లలో గుండె ఇబ్బందులు, లివర్ దెబ్బతినడం, జబ్బు ల్యుకేమియా అనే రక్తక్యాన్సర్‌గా మారడం, మరణం వంటివేవీ లేకుండా గడిచిన కాలం మధ్యస్థంగా 3.9 ఏళ్లు. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అది 3 ఏళ్లు. మొత్తం బతికిన కాలంలో మాత్రం రూఢిగా చెప్పదగ్గ తేడా తేలలేదు. అంటే సరైన మనిషికి మందు వల్ల లాభం ఉంది, కానీ అందరికీ తప్పనిసరి అనేంతగా కాదు.

ఎండీఎస్ అదుపులో ఉండి, తిరుగుతూ, తన పనులు తాను చేసుకుంటూ, నెలకు రెండు యూనిట్లు ఎక్కించుకుంటున్న డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి చికిత్స తీసుకోవడంలో అర్థముంది. జబ్బు బాగా ముదిరి, మిగిలిన కాలం నెలల్లో లెక్కించే స్థితిలో ఉంటే, ఆ నెలల్ని విరేచనాలతో, రక్తపరీక్షలతో నింపకపోవడమే మేలని నా అభిప్రాయం. డాక్టరును ‘ఈ మందు అమ్మకు ఏం కలిసొచ్చేలా చేస్తుంది, ఎన్నాళ్లకు?’ అని సూటిగా అడగండి. రక్తం ఎక్కించాల్సిన అవసరాన్నే తగ్గించే ఎరిత్రోపోయిటిన్, లుస్పాటర్‌సెప్ట్ వంటి ఇంజెక్షన్లు ఆమెకు పనికొస్తాయా అనీ అడగండి. రక్తం ఎక్కించడం తగ్గితే చేరే ఐరన్ కూడా తగ్గుతుంది.

ఐరన్ తగ్గించే మందులు మూడున్నాయి కదా, పెద్దవాళ్లకు ఏది మంచిది?

డెఫెరాక్సమైన్ అన్నిటికన్నా పాతది. చర్మం కింద సన్నని సూది పెట్టి, చిన్న పంపుతో 8 నుంచి 12 గంటలు, వారానికి 5 నుంచి 7 రాత్రులు ఎక్కించాలి. చూపు మందగించి, వేళ్లు వణుకుతున్నవాళ్లకు ఇంట్లో సాయం లేకపోతే చాలా కష్టం. డెఫెరాసిరాక్స్ రోజుకు ఒక్కసారి వేసుకునే మాత్ర కాబట్టి సులువు, కానీ కిడ్నీలు కొంత బాగుండాలి. కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడకడుతున్నాయో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 40 మిల్లీలీటర్ల కన్నా తక్కువుంటే వాడకూడదు. డెఫెరిప్రోన్ సాధారణంగా రోజుకు మూడుసార్లు వేసుకునే మాత్ర. గుండెలోని ఐరన్ మీద బాగా పనిచేస్తుంది గానీ, కొందరిలో తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. ఎండీఎస్‌లో ఆ కణాలు ముందే తక్కువుంటాయి కాబట్టి ఆచితూచి ఇస్తారు.

మొదలుపెట్టే ముందు ఏమేం చూపించుకోవాలి?

డెఫెరాసిరాక్స్ అయితే క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టే వ్యర్థం, అవి మందగిస్తే రక్తంలో పెరుగుతుంది) ఒకసారి కాదు, రెండుసార్లు చూడాలి. పోల్చుకోవడానికి నమ్మదగ్గ మొదటి అంకె ఉండాలి కదా. ఇక్కడ ఇంకో సంగతి. వయసుతో కండ తగ్గుతుంది, కండ తగ్గితే క్రియాటినిన్ కూడా తక్కువ కనబడుతుంది. కాబట్టి సన్నగా ఉండే పెద్దవాళ్ల రిపోర్టులో ‘నార్మల్’ అని ఉన్నా కిడ్నీల పనితీరు తగ్గి ఉండవచ్చు. వయసును కూడా లెక్కలోకి తీసుకునే క్లియరెన్స్ అంకె అడగండి.

లివర్ పరీక్షలు, మూత్రంలో ప్రొటీన్, ప్లేట్‌లెట్లు, చెవి పరీక్ష, కంటి పరీక్ష కూడా మొదట్లోనే చేయించాలి. వేసుకుంటున్న మందులన్నీ ఒక సంచీలో వేసి తీసుకెళ్లండి, కడుపుమంటకు తాగే మందు, ఎవరో చెబితే వేసుకుంటున్న చూర్ణంతో సహా. అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లను డెఫెరాసిరాక్స్‌తో కలిపి వాడకూడదు.

## మందు వాడుతుండగా

మాత్ర మొదలుపెట్టిన వారం నుంచి విరేచనాలు, కడుపులో తిప్పడం. మానేయనా?

మీ అంతట మీరు మానేయకండి, ఓర్చుకుంటూ కూర్చోనూ వద్దు. ఫోన్ చేసి చెప్పండి. చాలాసార్లు మాత్ర రకాన్నో, వేళనో మార్చితే సర్దుకుంటుంది. డెఫెరాసిరాక్స్ రెండు రకాలుగా దొరుకుతుంది. నీళ్లలో కలిపి తాగే పాత రకాన్ని ఖాళీ కడుపున, తినడానికి కనీసం అరగంట ముందు తీసుకోవాలి. అందులో లాక్టోజ్ ఉంటుంది, పాలు పడనివాళ్లకు కడుపు ఉబ్బరిస్తుంది. పూత పూసిన కొత్త రకాన్ని తేలికపాటి ఆహారంతో తీసుకోవచ్చు, చాలామందికి అదే పడుతుంది. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారితే మిల్లీగ్రాములు కూడా మారతాయి. పాత చీటీలోని మోతాదును కొత్త మాత్రకు వాడకండి.

వాంతులు, విరేచనాలు ఎక్కువై ఒంట్లో నీరు తగ్గుతున్న రోజున మాత్రం సంగతి వేరు. అలాంటప్పుడు డెఫెరాసిరాక్స్ కిడ్నీలను దెబ్బతీయవచ్చు. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్ర కూడా వాడుతుంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ‘అలాంటి రోజు ఏ మందు ఆపాలి, ఎవరికి ఫోన్ చేయాలి’ అన్నది ముందుగానే డాక్టరుతో రాయించుకుని పెట్టుకోండి. అర్ధరాత్రి టెన్షన్‌లో అదంతా ఆలోచించే పరిస్థితి ఉండదు.

క్రియాటినిన్ పెరిగిందన్నారు. కిడ్నీలు పాడైపోయినట్టేనా?

డెఫెరాసిరాక్స్‌తో కొంచెం పెరగడం తరచుగా చూసేదే. మోతాదు తగ్గించినా, ఆపినా చాలామందిలో మళ్లీ దిగుతుంది. మొదటి అంకె కన్నా మూడో వంతు పెరిగితే వారంలోగా మళ్లీ చూసి, అలాగే ఉంటే మోతాదు తగ్గిస్తారు. మొదటి నెలలో వారానికోసారి, తర్వాత నెలకోసారి పరీక్ష చేయమనేది ఇందుకే. తిరగలేక ఆ పరీక్షల్ని వదిలేసేవాళ్లున్నారు. పరీక్షలు కుదరకపోతే మందు కూడా సురక్షితం కాదు. ఆ సంగతి డాక్టరుకు చెప్పడం మంచిది.

మలం నల్లగా వస్తోంది. మందు వల్లేనా?

తారులా నల్లగా, జిగటగా ఉంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి, కడుపులోనో పేగులోనో రక్తం కారుతుండవచ్చు. డెఫెరాసిరాక్స్ వల్ల ఇలా రక్తం కారిన సందర్భాలు, ప్లేట్‌లెట్లు తక్కువున్న వృద్ధుల్లో ప్రాణం మీదికి తెచ్చినవి కూడా, ఉన్నాయి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి.

మూత్రం ఎర్రగా వస్తోంది, భయమేస్తోంది.

డెఫెరాక్సమైన్ గానీ డెఫెరిప్రోన్ గానీ వాడుతుంటే మూత్రం ఎరుపు, నారింజ, గోధుమ రంగుల్లో రావచ్చు. బయటికి పోతున్న ఐరన్ రంగు అది, భయం లేదు. మంట, నొప్పి, గడ్డలు ఉంటే, లేదా మీరు ఈ రెండు మందుల్లో ఏదీ వాడకపోతే చూపించుకోవాలి.

కొంచెం జ్వరం వచ్చింది. రెండు రోజులు చూద్దామా?

డెఫెరిప్రోన్ వాడుతుంటే ఒక్క పూట కూడా ఆగకండి. నూటికి ఒకరిద్దరిలో ఇది తెల్లరక్తకణాలను దాదాపుగా తుడిచిపెట్టేస్తుంది. అప్పుడు మామూలు గొంతునొప్పి కూడా ప్రాణాంతకమవుతుంది. జ్వరం గానీ, గొంతునొప్పి గానీ, నోట్లో పుళ్లు గానీ కనబడితే మాత్ర ఆపి, అదే రోజు రక్తకణాల లెక్క చూపించుకోవాలి.

డెఫెరాక్సమైన్ వాడేవాళ్లలో జ్వరంతో కడుపునొప్పి, విరేచనాలు ఉంటే, ఐరన్‌ను వాడుకుని పెరిగే యెర్సీనియా వంటి సూక్ష్మజీవులను అనుమానిస్తారు. పంపు ఆపి వెంటనే చూపించుకోండి. పెద్దవాళ్లలో తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం అంతగా కనబడకపోవచ్చు. ఉన్నట్టుండి మగతగా, తికమకగా ఉన్నా జ్వరమంత గట్టిగా పట్టించుకోండి.

నాన్నగారికి చెవి సరిగా వినబడటం లేదు. వయసా, మందా?

ముందు తీసిన చెవి పరీక్ష ఉంటే చెప్పడం తేలిక. డెఫెరాక్సమైన్, డెఫెరాసిరాక్స్ రెండూ వినికిడిని, ముఖ్యంగా సన్నని, కీచు శబ్దాలు వినే శక్తిని తగ్గించగలవు. ఒంట్లో ఐరన్ తగ్గిపోయాక కూడా మోతాదు తగ్గించకుండా వాడితే ఆ ప్రమాదం పెరుగుతుంది. కొద్ది నెలల్లోనే తేడా వచ్చినా, చెవుల్లో హోరు మొదలైనా మందును అనుమానించాలి. చూపు మసకబారడం, రాత్రిపూట సరిగా కనబడకపోవడం, రంగులు తేడాగా తోచడం కూడా అంతే. ఏడాదికోసారి చెవి, కంటి పరీక్షలు తప్పనిసరి.

మోకాళ్ల నొప్పులకు రోజూ పెయిన్‌కిల్లర్ వేసుకుంటాను. పరవాలేదా?

డెఫెరాసిరాక్స్‌తో పాటు ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ వంటివి రోజూ వేసుకుంటే ఒకవైపు కిడ్నీలకూ, ఇంకోవైపు కడుపులో రక్తం కారడానికీ ప్రమాదం పెరుగుతుంది. నొప్పికి వేరే దారి డాక్టరును అడగండి. డెఫెరిప్రోన్ మొదలుపెట్టాకే కీళ్లనొప్పులు వచ్చి ఉంటే, అవి ఆ మందువే కావచ్చు.

మాత్ర మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవచ్చా?

వద్దు. రోజుకు ఒక్కసారి వేసుకునే డెఫెరాసిరాక్స్ అయితే, అదే రోజు గుర్తొస్తే వేసుకోండి. మర్నాటికి గుర్తొస్తే ఆ రోజు మాత్ర మాత్రమే.

## రక్తం తీయించుకునేవాళ్లకు

తీసిన రోజు కళ్లు తిరిగి పడబోయాను. ఇక మానేయాలా?

మానేయనక్కర్లేదు, పద్ధతి మార్చమని అడగండి. ఒకేసారి 500 మిల్లీలీటర్లు కాకుండా సగం తీయవచ్చు, వారానికోసారి కాకుండా రెండు వారాలకోసారి తీయవచ్చు. పెద్దవాళ్లలో ఐరన్ నెమ్మదిగా తగ్గినా నష్టం లేదు, పడి తుంటి ఎముక విరిగితే మాత్రం చాలా నష్టం. ముందూ తర్వాతా నీళ్లు బాగా తాగండి. గుండె బలహీనంగా ఉండి నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు ఎంతో అడిగి తాగండి. ఆ ఉదయం బీపీ మాత్ర వేసుకోవాలా వద్దా అని ముందే కనుక్కోండి. హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే విరామం పెంచుతారు, 11 కన్నా తగ్గితే కొంతకాలం ఆపుతారు.

ఇంకా ఎన్నాళ్లు తీయించుకోవాలి?

మొదట్లో ఫెరిటిన్ 50 దగ్గరికి వచ్చేదాకా తరచుగా, ఆ తర్వాత జీవితాంతం ఏడాదికి కొన్నిసార్లు. వయసు మీదపడినవాళ్లకు కొంచెం ఎక్కువ ఫెరిటిన్‌తోనే సరిపెట్టుకోవడం మామూలే.

ఐరన్ తగ్గింది కానీ కీళ్లనొప్పులు తగ్గలేదు. చికిత్స పనిచేయలేదా?

చికిత్స పనిచేసింది, కానీ కీళ్లలో అప్పటికే జరిగిన అరుగుదల వెనక్కి రాదు. నీరసం, చర్మం రంగు, లివర్ పరీక్షలు మెరుగుపడవచ్చు. షుగర్, కీళ్లనొప్పులు చాలామందిలో మిగిలిపోతాయి. కాబట్టి కీళ్లకు వేరుగా వైద్యం చేయించుకోండి. లివర్ అప్పటికే గట్టిపడి మచ్చలు కట్టే సిర్రోసిస్‌కు చేరి ఉంటే, ఐరన్ మామూలు స్థాయికి వచ్చినా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ మానకూడదు. లివర్ క్యాన్సర్ ప్రమాదం మిగిలే ఉంటుంది.

## రోజువారీ జీవితంలో

తిండిలో ఐరన్ ఉన్నవన్నీ మానేయాలా?

రక్తం ఎక్కించుకుంటున్నవాళ్లు తిండి గురించి దిగులు పడనక్కర్లేదు. తిండి నుంచి ఒంటికి పట్టేది రోజుకు 1, 2 మిల్లీగ్రాములు. ఒక్క యూనిట్ రక్తం అంటే అలాంటి వంద రోజులకు పైమాట. అసలే ఆకలి తగ్గిన పెద్దమనిషి కంచంలోంచి ఇంకా తీసేస్తే కండ తగ్గుతుంది, బలం తగ్గుతుంది, అంతే. హీమోక్రోమాటోసిస్ ఉన్నవాళ్లు మాంసం మితంగా తింటే చాలు. భోజనంతో టీ తాగితే ఐరన్ కొంత తక్కువ పడుతుంది గానీ అది చికిత్సకు బదులు కాదు.

గట్టిగా మానాల్సినవి రెండు. ఒకటి మద్యం, లివర్ కోసం. రెండోది పచ్చి ఆల్చిప్పలు, గుల్లల్లాంటి సముద్రపు తిండి. ఐరన్ ఎక్కువున్న ఒంట్లో విబ్రియో వల్నిఫికస్ అనే సూక్ష్మజీవి ప్రాణం తీయగలదు.

విటమిన్ సీ మాత్రలు వేసుకోవచ్చా?

సొంతంగా వద్దు. విటమిన్ సీ పేగుల్లో ఐరన్ ఎక్కువ పీల్చుకునేలా చేస్తుంది, నిల్వల్లోని ఐరన్‌ను కదిలించి గుండెకు హాని చేయగలదు. డెఫెరాక్సమైన్ వాడేవాళ్లకు డాక్టర్లు కొద్ది మోతాదులో రాయవచ్చు, గుండె బలహీనంగా ఉంటే అదీ రాయరు. పండ్లు తినడం వేరు, దానికి అభ్యంతరం లేదు.

షుగర్ హెచ్‌బీఏ1సీ చక్కగా వచ్చింది. సంతోషించవచ్చా?

హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష. ఇక్కడ ఆ అంకెను నమ్మలేం. ఎక్కించిన రక్తంలో దాత ఎర్రకణాలుంటాయి, తరచుగా రక్తం తీయించుకునేవాళ్లలో కొత్త కణాలుంటాయి. రెండు సందర్భాల్లోనూ హెచ్‌బీఏ1సీ ఉన్నదాని కన్నా తక్కువ చూపించవచ్చు. వేలు గుచ్చి చూసే షుగర్ అంకెలు, ఫ్రక్టోసమైన్ పరీక్ష నయం.

## ఏళ్లు గడిచాక

ఫెరిటిన్ 500కి దిగింది. మందు ఇంకా వేసుకోవాలా?

వెంటనే అడగాల్సిన ప్రశ్న ఇది. 1000 కన్నా దిగితే డెఫెరాసిరాక్స్ మోతాదు తగ్గించడం, 500 కన్నా దిగితే కొంతకాలం ఆపడం గురించి ఆలోచిస్తారు. పట్టుకోవడానికి ఐరన్ అంతగా లేనప్పుడు అదే మోతాదు కొనసాగిస్తే కిడ్నీలు, లివర్, చెవులు, కళ్లు దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. పాత చీటీ మీదే నెలల తరబడి మందు కొంటూ పోవడం వల్ల ఈ ఇబ్బంది వస్తుంది. రక్తం ఎక్కించుకోవడం కొనసాగుతుంటే ఫెరిటిన్ మళ్లీ పెరుగుతుంది కాబట్టి పరీక్షలు ఆపకూడదు.

నాన్నగారు విసిగిపోయి ‘ఇక ఏ మందూ వద్దు’ అంటున్నారు. ఏం చేయాలి?

ముందు ఆయన మాటను పూర్తిగా వినండి. ‘ఏ మందూ వద్దు’ అన్న మాట వెనక తరచుగా ఒక్క మందే ఉంటుంది, ఆ ఒక్కటీ పెట్టే బాధ ఉంటుంది. రోజూ పొద్దున్నే కడుపులో తిప్పుతోందనో, పంపు సూది పెట్టిన చోట గడ్డలు కట్టి పడుకోలేకపోతున్నాననో, పిల్లలకు భారమవుతున్నాననో. మొదటిదానికి మాత్ర రకం మార్చవచ్చు. రెండోదానికి సూది పెట్టే చోటు రోజూ మార్చి, మందు ఇంకా నెమ్మదిగా ఎక్కించవచ్చు. మూడోదానికి మందు లేదు, మీరు పక్కన కూర్చుని మాట్లాడాలి.

అయినా వద్దనే అంటే ఐరన్ తగ్గించే మందును మాత్రమే ఆపే వీలుందేమో డాక్టరును అడగండి. గుండె ఎంఆర్ఐ బాగుంటే కొన్ని నెలలు ఆపి చూడటం చాలామందిలో తొందరపాటు కాదు. రక్తం ఎక్కించడం వేరే విషయం. అది ఆపితే ఆయాసం, నీరసం కొద్ది వారాల్లోనే తెలుస్తాయి. అందుకని ఈ రెంటి గురించీ ఆయనతో విడివిడిగా మాట్లాడండి. ఆయన స్పష్టంగా ఆలోచించగలిగే స్థితిలో ఉంటే నిర్ణయం ఆయనదే. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ప్రశ్నలు ఆయన్నే అడగనివ్వండి.